బండి సరే, ప్లగ్ ఎక్కడ?

నేను ఎలక్ట్రీషియన్‌ని. కంచరపాలెం ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదివాను. మొదట్లో ఇళ్ల వైరింగు, ఏసీ పాయింట్లు, ఇన్వర్టర్లు నా పని. కొన్నేళ్లుగా మాత్రం నాకు వచ్చే ఫోన్లలో చాలావరకు ఒకే మాటతో మొదలవుతున్నాయి: "అన్నా, ఎలక్ట్రిక్ స్కూటర్ తీసుకున్నాం, కింద పార్కింగులో పాయింటు పెట్టాలి." పిలిచేవాళ్లు దాదాపు అందరూ ముప్పై ఏళ్ల లోపు వాళ్లే. డబ్బు తండ్రిది కావచ్చు, వాయిదాలు తల్లి జీతంలోంచి పోతూ ఉండవచ్చు, కానీ ఏ బండి కొనాలో తేల్చింది పిల్లలే.

పాయింటు బిగించడానికి గంటో రెండు గంటలో పడుతుంది. అంతసేపూ వాళ్లు పక్కనే నిలబడి కబుర్లు చెబుతారు. బండి ఎందుకు కొన్నారో, ఇంట్లో ఎవరు వద్దన్నారో, షోరూములో ఏమి చెప్పారో అన్నీ వస్తాయి. ఏడాదికో రెండేళ్లకో మరో పని మీద అదే ఇంటికి వెళ్లినప్పుడు బండి ఎలా ఉందని నేనే అడుగుతాను. ఇలా విని విని నాకు ఒక అభిప్రాయం గట్టిపడింది. విశాఖ కుర్రకారు ఎలక్ట్రిక్ బండితో తృప్తిగా ఉన్నారా లేదా అన్నది ఆ బండి ఏ కంపెనీది అన్నదాని కంటే, రాత్రిపూట అది ఎక్కడ నిలుస్తుంది అన్నదాన్ని బట్టే తేలుతోంది. సొంత ప్లగ్ ఉన్నవాళ్లు బండిలో చిన్నాచితకా లోపాలు ఉన్నా సర్దుకుపోతున్నారు. ప్లగ్ లేనివాళ్లు మంచి బండిని కూడా అమ్మేస్తున్నారు.

ముందు, ఎందుకు కొంటున్నారో చెబుతాను. పర్యావరణం కోసమని మొదటి మాటగా చెప్పినవాళ్లు నాకు తక్కువ తగిలారు. అందరిదీ డబ్బు లెక్కే. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

గోపాలపట్నంలో ఒక అమ్మాయి ఉంది. రుషికొండ ఐటీ కొండ మీద ఉద్యోగం. సింహాచలం, అడవివరం, హనుమంతవాక మీదుగా రానూపోనూ నలభై కిలోమీటర్లు దాటుతుంది. నెలకు వెయ్యి కిలోమీటర్లు అనుకోండి. పాత పెట్రోలు స్కూటరు లీటరుకు నలభై అయిదు ఇచ్చేదట. అంటే నెలకు 22 లీటర్లు, లీటరు 108 రూపాయల చొప్పున 2,400 రూపాయలు. ఇప్పుడు అదే దూరానికి ఛార్జింగులో పోయే నష్టంతో కలిపి 36 యూనిట్ల కరెంటు ఖర్చవుతోంది. మన రాష్ట్రంలో ఇళ్లకు 126 నుంచి 225 యూనిట్ల వరకు యూనిట్టు 6 రూపాయలు. ఆ లెక్కన 216 రూపాయలు. ఇక్కడే చాలామంది చూడని సంగతి ఒకటుంది. ఎండాకాలం ఏసీ వేసే ఇంట్లో మీటరు 225 దాటితే ఆ పైన యూనిట్టు 8 రూపాయల 75 పైసలు. బండికి కాలే యూనిట్లు సరిగ్గా ఆ పై స్లాబులోనే పడతాయి. అలా పడినా 315 రూపాయలు. ఇంధన సర్దుబాటు ఛార్జీలు కలిపినా నాలుగు వందల దగ్గర ఆగుతుంది. నెలకు రెండు వేలు మిగిలినట్టే. ఆ అమ్మాయి ఈ లెక్కంతా కాగితం మీద వేసి వాళ్ల నాన్నగారి ముందు పెట్టి ఒప్పించింది. ఆయన రైల్వేలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. లెక్క రెండుసార్లు సరిచూసుకుని సంతకం పెట్టారట.

డబ్బు కాకుండా ఆమె ఇంకో మాట చెప్పింది. "రాత్రి షిఫ్టు అయ్యాక పెట్రోలు బంకు కోసం ఆగనక్కర్లేదు అన్నా. ఆఫీసులో బయలుదేరితే ఇంట్లోనే దిగుతాను." ఈ మాట నాకు చాలామంది ఆడపిల్లల నోట వినిపించింది. కంపెనీల ప్రకటనల్లో వేగం గురించి, తెర మీద కనిపించే మ్యాపుల గురించి అంత చెబుతారు కానీ, ఒంటరిగా ఇంటికి వచ్చే ఆడపిల్లకు దారిలో ఒక మజిలీ తగ్గడం ఎంత పెద్ద సౌకర్యమో చెప్పినట్టు నాకు కనిపించలేదు.

పర్యావరణం మాట ముందుగా ఎత్తిన కుర్రవాడు వన్‌టౌన్ వాడు. పోర్టు బొగ్గు ధూళి ఆరేసిన బట్టల మీద నల్లగా పడుతుంటే చూస్తూ పెరిగినవాడు. వాళ్ల మామయ్య అతన్ని నిలదీశాడట: "కరెంటు కూడా బొగ్గు నుంచే కదరా వచ్చేది, పరవాడ సింహాద్రి విద్యుత్ కేంద్రంలో 2,000 మెగావాట్లూ బొగ్గు కాల్చే కదా తీస్తున్నారు?" మంచి ప్రశ్నే. కుర్రవాడికి జవాబు తెలుసు గానీ అంకెలు తెలియవు. ఇద్దరం మెట్ల మీద కూర్చుని వేశాం. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. వంద కిలోమీటర్లకు రెండుంబావు లీటర్లు, అంటే అయిదు కిలోలు. మన దేశంలో ఒక యూనిట్టు కరెంటు తయారీకి సగటున ముప్పావు కిలో దాకా వస్తుంది. వంద కిలోమీటర్లకు మూడున్నర యూనిట్లంటే రెండున్నర కిలోల పైచిలుకు. తీగల్లో పోయే నష్టం కలుపుకున్నా మూడు కిలోల దగ్గరే. బొగ్గు కరెంటుతో నడిచినా సగానికి కాస్త అటూ ఇటూ తగ్గుతోంది. పెట్రోలు ఇంజను తాగిన ఇంధనంలో ముప్పాతిక భాగం వేడిగానే పోతుంది, మోటారులో నష్టం పదో వంతుకు కాస్త అటూ ఇటూ. తేడా అక్కడ వస్తోంది. పైగా సింహాద్రి జలాశయం మీద 2021లోనే 25 మెగావాట్ల తేలియాడే సౌర ఫలకాలు పెట్టారు. కరెంటు శుభ్రపడే కొద్దీ, ఇప్పటికే కొన్న బండి కూడా దానితో పాటు శుభ్రపడుతుంది. పెట్రోలు బండికి ఆ అవకాశం లేదు.

మన ఊరిలో అందరికీ ఉండే ఇంకో భయం కొండలు. "సింహాచలం ఘాట్ ఎక్కుతుందా? సగం బ్యాటరీ అక్కడే అయిపోతుందటగా?" అని కొనకముందు నన్ను అడుగుతారు. బడిలో చదివిన భౌతికశాస్త్రం చాలు దీనికి. బండి 120 కిలోలు, మనుషులిద్దరూ కలిసి 130, మొత్తం 250 కిలోలు. ఎత్తు 300 మీటర్లు అనుకుందాం. ఆ బరువును ఆ ఎత్తుకు చేర్చడానికి కావలసిన శక్తి 0.2 యూనిట్లు. మోటారులో, టైర్ల రాపిడిలో పోయేది కలిపి 0.3 వేసుకోండి. మూడు యూనిట్ల బ్యాటరీలో అది పదో వంతు. దిగేటప్పుడు మోటారే బ్రేకులా పనిచేసి కొంత తిరిగి నింపుతుంది. బ్యాటరీ పూర్తిగా నిండి ఉన్నప్పుడు మాత్రం తిరిగి చేరడానికి చోటు ఉండదు కాబట్టి ఆ బ్రేకు పనిచేయదు. కొండ మీదే వంద శాతం ఛార్జి చేసుకుని దిగేవాళ్లు మామూలు బ్రేకుల మీదే ఆధారపడాలి. ఇది తెలిసి ఉండటం మంచిది. ఇద్దరు ఎక్కి ఆగకుండా ఘాట్ ఎక్కితే మోటారు వేడెక్కి కొన్ని బండ్లు తమంతట తామే జోరు తగ్గించుకుంటాయి. అది లోపం కాదు, మోటారు కాలిపోకుండా పెట్టిన ఏర్పాటు. కొనేటప్పుడే ఈ సంగతి ఎవరైనా చెబితే, మొదటి ఆదివారమే సింహాచలం అప్పన్న దర్శనానికి వెళ్లి సగం దారిలో కంగారుపడే బాధ తప్పుతుంది.

రేంజ్, అంటే ఒక్క ఛార్జికి బండి వెళ్లే దూరం, ఆ విషయంలో అసంతృప్తి నిజంగానే ఉంది. ప్రయోగశాలలో కొలిచిన దూరం ఒకటి, రోడ్డు మీద వచ్చేది ఒకటి. కాగితం మీద 140 కిలోమీటర్లు ఉన్న బండి మన ఎగుడుదిగుళ్లలో 100, 105 ఇస్తుంది. ముందే ముప్పై శాతం తగ్గించుకుని కొన్నవాళ్లు తృప్తిగా ఉన్నారు. పెద్ద అంకెను నమ్మి కొన్నవాళ్లు మోసపోయామని బాధపడుతున్నారు. బండి ఒకటే, రోడ్డు ఒకటే. తేడా అంతా అమ్మకం నాడు చెప్పిన మాటలో ఉంది. ధర విషయంలోనూ ఇలాంటి ఉక్రోషమే చూశాను. 2023 జూన్ 1 నుంచి కేంద్రం ఇచ్చే రాయితీని యూనిట్టు బ్యాటరీ సామర్థ్యానికి 15,000 రూపాయల నుంచి 10,000కు, బండి ధరలో 40 శాతం గరిష్ఠ పరిమితి నుంచి 15 శాతానికి తగ్గించారు. మే నెలలో కొన్న అన్నకు, జూన్ నెలలో కొన్న తమ్ముడికి అదే బండి మీద వేల రూపాయల తేడా. ఆ తర్వాత రాయితీ ఇంకా తగ్గింది. ఇప్పుడు కొనేవాళ్లు రాయితీని లెక్కలోకి తీసుకోకుండానే నిర్ణయించుకుంటున్నారు. నాకది మంచి మార్పుగానే అనిపిస్తుంది.

సర్వీసు గురించి ఎక్కువ రాయను, అందరికీ తెలిసిన గొడవే. చిన్న సర్క్యూటు బోర్డు కోసం వారాల తరబడి షెడ్డులో ఆగిపోయిన బండ్ల యజమానులను చాలామందిని కలిశాను. "బండి బాగుంది అన్నా, కంపెనీయే బాగోలేదు" అన్నాడు ఒక కుర్రవాడు. పది వేలకు పైగా ఫిర్యాదులు అందాక 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఒక పెద్ద తయారీ సంస్థకు నోటీసు ఇవ్వవలసి వచ్చింది. పెట్రోలు బండి ఆగిపోతే వీధి చివర మెకానిక్ ఉంటాడు. ఈ బండి ఆగిపోతే షోరూము తప్ప దిక్కు లేదు. మా ఎలక్ట్రీషియన్లకూ, ఆ మెకానిక్‌లకూ ఈ బండ్ల పని నేర్పే శిక్షణ ఐటీఐలలో జోరుగా సాగాలని నా కోరిక.

ఇక అసలు సంగతికి వస్తాను. ప్లగ్.

మద్దిలపాలెం, సీతమ్మధార, ఎంవీపీ కాలనీల్లో అద్దె గదుల్లో ఉండే కుర్రవాళ్లు ఎందరో. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం వైపు నుంచి చదువుకో, మొదటి ఉద్యోగానికో వచ్చినవాళ్లు. నెలకు రెండు వేలు మిగలడం ఎవరికి అన్నిటికంటే అవసరమో, వాళ్లకే బండి పక్కన ప్లగ్ లేదు. గది రెండో అంతస్తులో, బండి వీధిలో. కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ వైరు కిందికి వదులుతారు. అది కూడా టీవీకో, ఫోనుకో పనికివచ్చే సన్నటి వైరు.

పెదవాల్తేరులో ఒక ఇంటికి "ప్లగ్ దగ్గర కాలిన వాసన వస్తోంది" అని పిలిస్తే వెళ్లాను. చిన్న పిన్నుల ఆరు ఆంపియర్ల సాకెట్టు. దానికి కన్వర్టరు తగిలించి, స్కూటరు ఛార్జరు పెద్ద పిన్నుల ప్లగ్ అందులో దూర్చారు. మెయిన్ ఆపి పలక విప్పాను. కుడివైపు రంధ్రం చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి ఉబ్బి ఉంది. లోపల ఇత్తడి పట్టీల మీద పచ్చగా కిలుం పట్టి ఉంది. సముద్రానికి దగ్గరగా ఉండే ఇళ్లలో ఇది మామూలే, ఉప్పుగాలి ఇనుమును తుప్పు పట్టిస్తే ఇత్తడికి కిలుం పట్టిస్తుంది. కిలుం పట్టిన చోట పిన్ను సరిగా ఆనదు. సరిగా ఆనని చోట వేడి పుడుతుంది. ఆ వేడికి పట్టీ వదులై ఇంకా తక్కువ ఆనుతుంది, ఇంకా ఎక్కువ వేడి. మిక్సీ అయితే అయిదు నిమిషాలు తిరిగి ఆగుతుంది కాబట్టి ఏమీ కాదు. స్కూటరు ఛార్జరు తీసుకునేది ఏడెనిమిది వందల వాట్లే అయినా, నాలుగైదు గంటలు ఏకధాటిగా తీసుకుంటుంది. అదీ అందరూ నిద్రపోయే వేళ. ఎర్తింగ్ చూద్దామని టెస్టు ల్యాంపు పెడితే వెలగలేదు. ఎర్త్ వైరు సాకెట్టు దాకా వచ్చింది కానీ అటువైపు దేనికీ తగలలేదు.

ఆ గదిలో ఉన్నది ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థులు. వాళ్లకు ఆ సాకెట్టు చూపించి ఇదంతా చెప్పాను. ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకడు, "ఓనరు గారికి చెబితే అసలు ఛార్జింగే వద్దంటారు అన్నా" అన్నాడు.

యజమాని భయం కూడా ఉత్తది కాదు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఒకరు, నిజామాబాద్‌లో ఒకరు ఇంట్లో బ్యాటరీ పేలి ప్రాణాలు కోల్పోయారు. ఆ వార్తలు చదివినవాళ్లకు మెట్ల కింద ఛార్జి అవుతున్న బండిని చూస్తే గుండె దడ రావడం సహజం. ఆ ఏడాది ప్రమాదాల తర్వాతే కేంద్రం బ్యాటరీ భద్రతా ప్రమాణాలను కఠినం చేసింది. 2022 డిసెంబరు, 2023 మార్చిలలో రెండు దశలుగా అమలులోకి వచ్చాయి. బ్యాటరీలో వేడి ఒక కణం (సెల్) నుంచి పక్క కణానికి పాకకుండా ఏర్పాటు ఉండాలి, నీరు లోపలికి పోకూడదు, బ్యాటరీని కనిపెట్టి ఉండే సర్క్యూటు నమ్మదగినది కావాలి. ఇలాంటి పరీక్షలు దాటితేనే ఇప్పుడు బండి అమ్మకానికి వస్తుంది. అందుకే యజమానులతో నేను ఒకటే అంటాను: "మాస్టారూ, మీ భయం న్యాయమైనదే. కాకపోతే మీరు వద్దంటే వాళ్లు మానేయరు, మీకు కనబడకుండా సన్న వైరుతో పెడతారు. అప్పుడు ప్రమాదం పెరుగుతుంది. మీరే మంచి పాయింటు పెట్టిస్తే తగ్గుతుంది."

అపార్టుమెంట్లలో అభ్యంతరం వేరు. "మా ఉమ్మడి మీటరు మీద మీరు బండి ఛార్జి చేసుకుంటారా?" మర్రిపాలెంలో ఒక అసోసియేషన్ సమావేశానికి ఫ్లాటు కుర్రవాడు నన్ను తోడు తీసుకువెళ్లాడు. అందరి మీటర్లూ గ్రౌండ్ ఫ్లోర్‌లో ఒకే గోడకు ఉన్నాయి. నాలుగో అంతస్తు ఫ్లాటు మీటరైనా కిందే ఉంటుంది కదా. ఆ మీటరు నుంచే విడిగా ఒక తీగ పైపులో తీసుకెళ్లి అతని పార్కింగు గడిలో పాయింటు పెడితే ఉమ్మడి మీటరు ఊసే ఉండదు, బిల్లు అతని పేరనే పడుతుంది. ఇంటి కనెక్షన్ మీదే బండి ఛార్జి చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. "లోడు తట్టుకుంటుందా?" అని ఒక పెద్దావిడ అడిగారు. "అమ్మా, మీ పడకగదిలో టన్నున్నర ఏసీ తీసుకునే దానిలో ఇది సగం" అన్నాను. ఆమే అందరికంటే ముందు ఒప్పుకున్నారు. కార్ల సంగతి వేరు. ఏడు కిలోవాట్ల ఛార్జరు పెట్టాలంటే మంజూరైన లోడు పెంచమని విద్యుత్ సంస్థకు దరఖాస్తు చేసుకోవాలి.

ప్లగ్ లేకపోవడం అన్నిటికంటే గట్టిగా తగిలేది భోజనం పార్సిళ్లు చేర్చే కుర్రవాళ్లకు. వాళ్లలో కొందరు వారానికింత అని అద్దె కట్టి తక్కువ వేగం స్కూటర్లు నడుపుతున్నారు. గంటకు 25 కిలోమీటర్లు, 250 వాట్లు దాటని బండికి లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు కాబట్టి పని త్వరగా దొరుకుతుంది. హనుమంతవాక ఎగువలో ఆ బండ్లు మూలుగుతూ ఎక్కుతుంటే వెనక లారీలు హారను మోగిస్తూ ఉంటాయి. ఇసుకతోట దగ్గర ఒక టీ కొట్టు ఆయన గోడకు నా చేత రెండు పాయింట్లు పెట్టించుకున్నారు. మధ్యాహ్నం ఆర్డర్లు తగ్గే వేళ కుర్రవాళ్లు అక్కడ బండి తగిలించి, టీ తాగి, బల్ల మీద కాసేపు నడుం వాలుస్తారు. రోజుకు రెండుసార్లు ఛార్జి లేకపోతే రాత్రి ఆర్డర్లు పోతాయి, రాత్రి ఆర్డర్లలోనే నాలుగు డబ్బులు ఉంటాయి. "బండి నచ్చిందా తమ్ముడూ?" అంటే ఒకడు, "పెట్రోలు ఖర్చు లేదు, అది నచ్చింది. బండి నాది అయితే ఇంకా నచ్చేది" అన్నాడు. సొంతంగా కొనడానికి డబ్బు చాలదా అని అడిగాను. వాయిదాలు కట్టగలడట. ఉండేది నలుగురు కలిసి తీసుకున్న గది, అక్కడ ఛార్జింగుకు ఇంటివాళ్లు ఒప్పుకోరు.

పెద్దవాళ్లు తప్పకుండా ఎత్తే ప్రశ్న ఇంకొకటి ఉంది: మళ్లీ హుద్‌హుద్ లాంటి తుపాను వస్తే? 2014 అక్టోబరు 12 తర్వాత రోజుల తరబడి కరెంటు లేని చీకటి నాకూ గుర్తుంది. పెట్రోలు బంకుల ముందు మైళ్ల కొద్దీ క్యూలు కూడా గుర్తున్నాయి. బంకులో పంపు తిరగడానికీ కరెంటే కావాలి. తుపాను హెచ్చరిక రాగానే బండి నిండా ఛార్జి పెట్టుకోండి, ఛార్జరు తీసి ఎత్తు మీద పెట్టండి. జ్ఞానాపురం వంతెన కింద నీళ్లు నిలిచినప్పుడు ఏ బండితోనూ దిగకండి. బ్యాటరీకి నీటి రక్షణ ఐపీ67 అని రాస్తారు, అంటే మీటరు లోతు నిశ్చల నీటిలో అరగంట ఆగుతుందని. వరద ప్రవాహానికి ఆ హామీ వర్తించదు.

అద్దెకిచ్చే యజమానులు ఇది చదువుతుంటే, ఒక పాయింటుకు ఏమి కావాలో చెబుతాను. మీటరు దగ్గర 16 ఆంపియర్ల ఎంసీబీ (లోడు మించితే తానే ఆగిపోయే స్విచ్చు), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్చు). అక్కడి నుంచి పార్కింగు దాకా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, దూరం ఎక్కువైతే 4. మూత ఉండే ఇండస్ట్రియల్ సాకెట్టు, వాన జల్లు తగలని గోడకు, నడుము ఎత్తున. ఎర్త్ గొయ్యి నిజంగా పనిచేస్తోందో లేదో పరీక్షించి చూడాలి, వైరు ఉన్నంత మాత్రాన నమ్మకూడదు. సముద్రం వైపు ఇళ్లలో ఏడాదికోసారి సాకెట్టు విప్పి కిలుం చూసుకోవాలి. పక్కన ఒక సబ్ మీటరు. ఆరిలోవలో ఒక యజమాని నాలుగు వాటాలకు నాలుగు పాయింట్లు ఇలాగే పెట్టించారు. నెలాఖరున అద్దెకున్నవాళ్లతో కలిసి రీడింగు చూసి, బిల్లులో పడిన ధరకే తీసుకుంటున్నారు. మీ ఇంటి యజమాని ఈ లెక్కకు ఒప్పుకోకపోతే నన్ను పిలవండి. వచ్చి కూర్చుని నేనే చెబుతాను, అందుకు డబ్బు తీసుకోను.